‘నో’లో పలకని ‘కె’ ఎక్కడిది?

తెలియడమనే అర్థమున్న ఇంగ్లీషు ‘నో’ స్పెల్లింగులో పలకని ‘కె’ ఎందుకుందని మీ అబ్బాయి అడిగాడని కావలి నుంచి రాశారు. చాలా చక్కటి ప్రశ్న. ఆ ‘కె’ను సుమారు 17వ శతాబ్దం వరకు ఇంగ్లీషువారు పలికేవారు. ఇంగ్లీషు, గ్రీకు, సంస్కృతం మూడూ పుట్టిన ప్రాచీన మూలభాషలోని ‘గ్’ వంటి ధ్వని, ఇంగ్లీషు చెందిన జర్మానిక్ భాషల్లో ‘క్’గా మారి పాత ఇంగ్లీషులో ‘క్నావన్’ కాగా, గ్రీకు ‘గిగ్నోస్కో’లో ‘గ్’గానే నిలిచి, సంస్కృత ‘జ్ఞా’ ధాతువులో ‘జ్’ అయింది. మనం ‘జ్ఞానం’ను ‘గ్నానం’ అని పలకడం మాత్రం తరువాత వచ్చిన ఉచ్చారణే గాని ప్రాచీన శేషం కాదు. ఇక్కడ పొరబడటం సులువు. ఇక మన ‘ఎరుగు’ ఈ కుటుంబంలోనిది కాదు, తమిళ ‘అఱి’కి తోబుట్టువు. అబ్బాయి చేత ‘క్నావన్’, ‘జ్ఞానం’ వెంటవెంటనే గట్టిగా పలికించండి, పోలిక వాడి చెవికే తెలుస్తుంది.