ఎయిర్‌లైన్ ఉద్యోగం, రిజర్వ్ డ్యూటీ రెండూ కుదురుతాయా? మా ఇంటి పదకొండేళ్ళ అనుభవం

కుదురుతాయండీ. మా ఇంట్లో పదకొండేళ్ళుగా కుదురుతున్నాయి. కానీ ఎలా కుదురుతున్నాయో చెప్పకుండా ఊరుకుంటే మీకు సగం జవాబే ఇచ్చినట్టు. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మీరు అడిగింది ఇదీ: మీ బాబాయిగారబ్బాయి అమెరికా పౌరుడు. టెక్సస్‌లో ఒక చిన్న ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్. ఇప్పుడు ఎయిర్‌ఫోర్స్ రిజర్వ్‌లో, అంటే వేరే ఉద్యోగం చేసుకుంటూనే కొన్ని రోజులు వైమానిక దళంలో పనిచేసే విభాగంలో, కూడా పైలట్‌గా చేరతానంటున్నాడు. పాలకొల్లులో మీ బాబాయిగారేమో ‘చేతిలో ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకుంటాడు’ అని బెంగపెట్టుకున్నారు.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మావారి వాళ్ళది రావులపాలెం వైపు. ఆయన ఏడో ఏట తల్లిదండ్రులతో అమెరికా వెళ్ళిపోయారు. ఇప్పుడు ఒక పెద్ద ఎయిర్‌లైన్‌లో బోయింగ్ 737 కెప్టెన్, ఎయిర్‌ఫోర్స్ రిజర్వ్‌లో సి-17 రవాణా విమానం పైలట్. ముందు రిజర్వ్‌లో చేరారు, రెండేళ్ళకి ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వచ్చింది. మేం ఉండేది సౌత్ కరోలినాలో చార్లెస్టన్. అమ్మకి ఆపరేషన్ అయితే దసరా నుంచి నేనిక్కడే ఉన్నాను.

ఆయన రెండింట్లోనూ చేస్తారని తెలిసినప్పుడు అమ్మ కూడా మీ బాబాయిగారిలాగే, ‘రెండు పడవల మీద కాళ్ళేనా?’ అంది. అప్పుడు నాన్న చెప్పిన మాట నాకిప్పటికీ ధైర్యమే. ‘సఖినేటిపల్లి రేవులో పంటు చూడలేదా? రెండు పడవల్ని జత చేసి పైన బల్లలు పరిస్తేనే కదా దాని మీద బళ్ళూ మనుషులూ నరసాపురం దాటేది. బల్లలు గట్టివో కావో చూసుకోవాలి గాని’ అన్నారు. ఇన్నేళ్ళూ నేను చూసుకుంటూ వచ్చింది ఆ బల్లల్నే.

మొదటి బల్ల చట్టం. అమెరికాలో 1994లో చేసిన చట్టం ఒకటుంది, పొట్టిగా యూసెర్రా అంటారు. రిజర్వ్, నేషనల్ గార్డ్ (రాష్ట్రాల వారీగా ఉండే ఇలాంటి దళమే) వాళ్ళు సైనిక డ్యూటీకి వెళ్తే కంపెనీ సెలవు ఇచ్చి తీరాలి, తిరిగొచ్చాక ఉద్యోగంలోకి తీసుకోవాలి. ‘నీ సొంత సెలవులు వాడుకో’ అని బలవంతం చేయడానికి లేదు. ఒక కంపెనీలో ఉండగా ఇలా వెళ్ళిన కాలం మొత్తం మీద అయిదేళ్ళు మించకూడదు. అయితే నెలనెలా డ్రిల్లులు (రిజర్వ్ వాళ్ళ శిక్షణ పూటలు), ఏటా తప్పనిసరి శిక్షణ, ప్రభుత్వమే నిర్బంధంగా పిలిచిన కాలం ఆ అయిదేళ్ళ లెక్కలోకి రావు. తిరిగొచ్చాక ఎప్పుడు హాజరవ్వాలో కూడా అందులోనే ఉంది. నెలరోజుల లోపు డ్యూటీ అయితే ఇల్లు చేరి ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకుని, ఆ తరవాత వచ్చే మొదటి పని వేళకి వెళ్ళాలి. 31 నుంచి 180 రోజులైతే 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలి. అంతకు మించితే 90 రోజుల గడువుంది.

పైలట్లకి వీటన్నిటికంటే ముఖ్యమైంది సీనియారిటీ. ఎయిర్‌లైన్‌లో చేరిన రోజున ఒక నంబరు ఇస్తారు. ఏ విమానం నడపాలి, ఏ ఊరు బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), కెప్టెన్ ఎప్పుడవుతారు, పండక్కి సెలవు దొరుకుతుందా లేదా, అన్నీ ఆ నంబరు చెప్పినట్టే. రేషన్ షాపు దగ్గర వరసలో చెప్పులు పెట్టి నీడకి వెళ్ళొచ్చిన వాళ్ళ చోటు పోదు కదండీ, ఇదీ అంతే. ఆయన ఆరు నెలలు ఎడారిలో ఉన్నా, ఇక్కడే ఉండి పనిచేస్తే నంబరు ఎంత ముందుకి జరిగేదో అంతా జరిగే ఉంటుంది. ఉద్యోగం పోతుందన్న భయం మటుకు మీ బాబాయిగారిని పెట్టుకోవద్దనండి.

పోయేది నిద్ర. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. మీరు మిగతాది మర్చిపోయినా ఇది మీ తమ్ముడికి చేరవేయండి.

‘నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు’ అని రిజర్వ్ గురించి అందరూ చెప్తారు. గుమస్తా పనికి అది నిజమేమో గాని పైలట్‌కి చాలదు. ఏడాదికి 48 డ్రిల్లులు, ఒక్కోటి నాలుగు గంటలు. అవి కాక విమానం మీద పట్టు తప్పకూడదని అదనపు ఫ్లయింగ్ పీరియడ్లు ఉంటాయి. రాత్రిపూట గాల్లోనే ఇంధనం నింపుకోవడం, సిమ్యులేటర్ (నేలమీదే ఉండే నకలు కాక్‌పిట్) పరీక్షలు, యూరప్ దాకా వెళ్ళొచ్చే మిషన్లు దీనికి తోడు. మా ఇంట్లో లెక్కేస్తే నెలకి ఆరేడు రోజులు తేలుతుంది.

విశ్రాంతికి రూల్స్ లేకపోలేదు. ఎయిర్‌లైన్ పైలట్లకి 2014 జనవరి నుంచి పార్ట్ 117 అనే నిబంధనలు అమల్లో ఉన్నాయి. డ్యూటీకి ముందు పది గంటల విశ్రాంతి, అందులో ఎనిమిది గంటలు నిద్రకి వీలుండాలి. 28 రోజుల్లో వంద గంటలు, ఏడాదిలో వెయ్యి గంటలు మించి ఎగరకూడదు. ఎయిర్‌ఫోర్స్‌కి వేరే నియమం, డ్యూటీకి ముందు పన్నెండు గంటలు. చిక్కెక్కడ వస్తుందంటే, ఆ వంద, వెయ్యి గంటల లెక్క ఎయిర్‌లైన్ల తరఫున ఎగిరిన గంటలకే. సైన్యం విమానంలో ఎగిరినవి అందులో పడవు. కంప్యూటరుకి ఆయన ఆ వారమంతా ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తారు. ఒంటికి మాత్రం తెలుసు. ప్రతి ఫ్లైట్‌కి ముందు ‘నేను ఆరోగ్యంగా, అలసట లేకుండా ఉన్నాను’ అని పైలటే ధ్రువీకరించాలి. ఆ ఒక్క సంతకమే రెండు ఉద్యోగాలకీ మధ్య నిలబడి ఉండేది.

ఒకసారి జరిగింది చెప్తాను. మావారు అయిదు రోజుల మిషన్ ముగించి జర్మనీ నుంచి చార్లెస్టన్‌లో దిగారు. రాత్రి పదకొండున్నరకి ఇల్లు చేరారు. మర్నాడు సాయంత్రం షార్లట్ నుంచి ఎయిర్‌లైన్ ట్రిప్ ఉంది. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. పొద్దున్న కాఫీ పట్టుకెళితే మంచం అంచున కూర్చుని బూటు లేసు కడుతున్నారు. కట్టారు, విప్పారు, మళ్ళీ అదే కట్టారు. రెండో బూటు చేతిలో పట్టుకుని ‘ఇవాళ ఏ వారం?’ అని అడిగారు. నేను కప్పు కింద పెట్టి ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాను. అలసటగా ఉంది, రాలేను అని డ్యూటీ వేసేవాళ్ళకి చెప్పేశారు. అవతల మనిషి విసుక్కున్నాడు, ‘సైన్యం వాళ్ళ పని చేసొచ్చి మాకు అలసటంటావా’ అన్నాడు. ఆ మాట ఆయన్ని చాలా రోజులు కుంగదీసింది. నేను మాత్రం ఆ ఫోన్ చేయించినందుకు ఇప్పటికీ నా మనసుకి నిమ్మళంగా ఉంటుంది. వెనక సీట్లలో నూట డెబ్భై మంది కూర్చుంటారండీ. వాళ్ళ ఇళ్ళలోనూ అమ్మానాన్నలుంటారు.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళిన పెద్ద అంకెల గోడ క్యాలెండర్ వంటింట్లో వేలాడుతుంది. తిథి, వర్జ్యం కూడా ఉండే క్యాలెండరే. ఎయిర్‌లైన్ ట్రిప్పులు నీలం ఇంకు, రిజర్వ్ రోజులు ఆకుపచ్చ. ఆ రెండూ రాయకముందే నేను పసుపు రంగుతో కొన్ని గళ్ళు నింపేస్తాను. అవి విశ్రాంతి రోజులు. ఒక యూనిఫాం విప్పాక రెండోది తొడిగేలోపు కనీసం ఒక పసుపు గడి ఉండి తీరాలి. నెలనెలా ఎయిర్‌లైన్‌లో తనకి కావలసిన ట్రిప్పులు కోరుతూ బిడ్ వేసేటప్పుడు ఆయన ఆ గళ్ళు చూసే వేస్తారు. స్క్వాడ్రన్‌లో (రిజర్వ్‌లో ఆయన పనిచేసే దళంలో) ‘ఇంకొక్క రాత్రి ఫ్లైట్ వెయ్యమంటావా’ అని అడిగితే గడి చూసి కాదంటారు. కాదనడం నేర్చుకోవడానికి ఆయనకి మూడేళ్ళు పట్టింది. మిలిటరీ వాళ్ళకి ఆ మాట అంత తేలిగ్గా రాదు.

కంపెనీకి ముందుగా చెప్పడం గురించి. చట్టం ప్రకారం నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. అయినా ప్రతిదీ రాతపూర్వకంగా, డ్రిల్ షెడ్యూల్ చేతికొచ్చిన రోజునే పంపమనండి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకొచ్చి మొదటి హెచ్చరిక ఇవ్వగానే లంకల్లో మనవాళ్ళు గొడ్లని గట్టెక్కిస్తారు, మూడో హెచ్చరిక దాకా ఆగరు. ఆఖరి నిమిషంలో సెలవు పెడితే ఆ ట్రిప్పు ఇంకో పైలట్ నెత్తిన పడుతుంది. ఆయనకీ పిల్లలుంటారు. తోటివాళ్ళ మంచితనం చట్టంలో దొరికేది కాదు, అది ఇలాంటి చోటే మిగులుతుంది. పేచీ వస్తే ఈఎస్‌జీఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, 1972 నుంచీ యజమానులకీ రిజర్వ్ వాళ్ళకీ మధ్య రాజీ కుదర్చడమే దాని పని. మాకు ఒక్కసారి అవసరపడింది, రెండు ఫోన్ కాల్స్‌తో తేలిపోయింది.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. డ్రిల్ జీతం వస్తుంది గాని, దాని కోసం వదులుకున్న ట్రిప్ జీతంతో పోలిస్తే కెప్టెన్‌కి నష్టమే. నెలలపాటు డ్యూటీకి పిలిచినప్పుడు మా ఇంటి రాబడి దాదాపు సగానికి పడింది. పొట్టి సెలవులకైనా కంపెనీ జీతం ఇవ్వాలా అన్నది కోర్టులకెక్కింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మీద ఒక రిజర్వ్ పైలట్ వేసిన కేసులో, అనారోగ్యం లాంటి సెలవులకి జీతం ఇస్తున్నప్పుడు సైనిక సెలవుని వాటితో పోల్చి చూడాలని, ఆ దావాని ముందుకి నడవనివ్వాలని 2021లో అప్పీలు కోర్టు చెప్పింది. మరోపక్క రిజర్వ్‌లో ఉన్నవాళ్ళ కుటుంబానికి తక్కువ ప్రీమియంతో ట్రైకేర్ ఆరోగ్య బీమా ఉంది. మా రెండో కాన్పు దాని మీదే అయింది. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండితే అరవయ్యో ఏట నుంచి పింఛను. ఇక 2020 ఏప్రిల్‌లో కరోనాతో విమానాలన్నీ ఎండలో నిలబడిపోయినప్పుడు, మావారి స్నేహితులు ఎంతోమంది సైన్యంలో ఫుల్‌టైం ఆర్డర్లు అడిగి తీసుకుని ఇల్లు గడుపుకున్నారు. ఆ ఏడాది రెండో పడవే మొదటిదాన్ని మోసింది.

ఇక ఇంటి సంగతి. 2018లో ఆయన గల్ఫ్ వైపు డ్యూటీలో ఉండగా ఇక్కడ నాన్న పోయారు. నేను పిల్లలిద్దర్నీ తీసుకుని హైదరాబాద్ మీదుగా మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో, దిగాను. పదకొండో రోజున రేవులో అన్నయ్య పిండం పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు, కాకి రావడం లేదు. అప్పుడు నా ఫోన్ మోగింది. అవతల ఇంజిన్ల హోరు, మధ్యలో ఆయన గొంతు. ‘మామయ్యగారికి నా నమస్కారం చెప్పు’ అన్నారు, అంతే, లైను తెగిపోయింది. పెళ్ళిళ్ళకి, ప్రభల తీర్థాలకి రాలేకపోతే సర్దుకోవచ్చు. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని చేరేముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మేం మాట్లాడుకోలేదు. ఆ బాధ నాకింకా ఉంది. మీరు మాట్లాడుకోండి.

తిరిగొచ్చాక కూడా సూటిగా కాక్‌పిట్‌లోకి వెళ్ళిపోవడం ఉండదు. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండకపోతే ఆ విమానం మీద అర్హత పోతుంది, సిమ్యులేటర్‌లో మళ్ళీ నిరూపించుకోవాలి. అలా నిరూపించుకోవడానికి తయారయ్యే రోజుల్లో ఆయన వంటింటి బల్ల మీద కాక్‌పిట్ బొమ్మ పరిచి, స్విచ్చుల మీద వేళ్ళు పెట్టి చెక్‌లిస్టులు వల్లె వేస్తుంటే, మా చిన్నది పక్కన కూర్చుని ‘ఫ్లాప్స్?’ అని అడిగేది.

ఇక్కడ మన దేశంలో ఇలాంటి వీలుందా అని కూడా చివర్లో అడిగారు. అచ్చంగా ఇలాంటిది లేదు. దగ్గరగా ఉండేది టెరిటోరియల్ ఆర్మీ. 1948 చట్టంతో వచ్చింది. వేరే ఉద్యోగమో వృత్తో ఉన్నవాళ్ళే చేరతారు, ఏడాదికి రెండు నెలలు శిక్షణ. ధోనీకి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా వచ్చింది అందులోనే. అయితే అది విమానాలు నడిపే పని కాదు.

మీ తమ్ముడు సంతకం పెట్టేముందు ఒక్కటి చూసుకోమనండి: ఇల్లు, ఎయిర్‌లైన్ బేస్, రిజర్వ్ స్క్వాడ్రన్ ఈ మూడింటిలో కనీసం రెండైనా ఒకే ఊళ్ళో ఉన్నాయా అని. మూడూ మూడు ఊళ్ళలో ఉంటే పసుపు గళ్ళన్నీ ప్రయాణాలకే పోతాయి. అలాంటి ఇంటిని ఒకదాన్ని దగ్గర్నుంచి చూశాను, రెండేళ్ళలో రిజర్వ్ వదిలేశారు. ఇంకోటి, ఇంతకుముందు సైన్యంలో పైలట్‌గా చేయని వాళ్ళకి మొదటి శిక్షణే చాలా నెలలు పడుతుంది. పూర్తయ్యాక పదేళ్ళ ఒప్పందం ఉంటుంది. నడిమధ్యలో మనసు మార్చుకునే వీలుండదు.

మావారు వచ్చే నెల అమ్మని చూడ్డానికి వస్తున్నారు, క్యాలెండర్లో అయిదు పసుపు గళ్ళు వరసగా దొరికాయి. మీ బాబాయిగారి సందేహాలు ఇంకా ఏమైనా ఉంటే ఇక్కడే రాయండి, ఆయన దగ్గర కూర్చుని జవాబులు రాయిస్తాను.