జోర్డాన్‌లో రంజాన్ నెల, కావలిలో అమ్మ కంగారు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. నాకు 26 ఏళ్లు. పిల్లలకు ఇంగ్లీషు నేర్పే స్వచ్ఛంద సేవ కోసం ఏడాది గడువుతో జోర్డాన్‌లోని ఒక చిన్న పట్టణానికి వచ్చి, ఇక్కడి ఒక కుటుంబంతో ఉంటున్నాను. రంజాన్ మొదలైన రోజు, మర్యాదగా ఉంటుందని, నేనూ మీతో రోజా, అంటే పగటి ఉపవాసం, ఉంటానన్నాను. పన్నెండు రోజులయింది. తలనొప్పి తగ్గడం లేదు, మొన్న తరగతిలో కళ్లు తిరిగాయి. స్నానాల గదిలో గడియ పెట్టుకుని నీళ్లు తాగుతున్నాను. సాయంత్రం వాళ్లతో కలిసి ఖర్జూరం నోట్లో పెట్టుకుంటుంటే దొంగతనం చేసినట్టుంటుంది. మధ్యాహ్నం 2 గంటలకే పని అయిపోతుంది, ఊరంతా నిద్రపోతుంది, నాకేమీ తోచదు. తలకు గుడ్డ కట్టుకుని ఇఫ్తార్‌లో కూర్చున్న నా ఫొటోను బంధువులెవరో అమ్మకు చూపించారు. "మతం మారుతున్నావా, సంబంధాల వాళ్లకు ఏం చెప్పుకోవాలి" అని ఏడ్చింది. నా చదువు కోసం నెల్లూరు దర్గా దగ్గరి రొట్టెల పండుగలో విద్యా రొట్టె పట్టిన అమ్మేనా ఇలా అంటోంది అనిపిస్తోంది. నాన్నగారు మాట్లాడడం లేదు. అమ్మ రోజూ రాత్రి 9 గంటలకు ఫోన్ చేస్తుంది. సరిగ్గా అప్పుడే ఇక్కడ ఇఫ్తార్, కాబట్టి కట్ చేస్తున్నాను. గడువుకు ముందే వచ్చేయమంటారా?

సమాధానం: ముందు మీ ఆరోగ్యం సంగతి. తరగతిలో కళ్లు తిరిగిన మనిషి మరునాడు కూడా పగలంతా నీళ్లు లేకుండా గడపకూడదు. ఈ ఉత్తరం అందిన రోజు నుంచే రోజా ఆపండి, వీలైనంత త్వరగా వైద్యులకు చూపించుకుని రక్తం, రక్తపోటు పరీక్ష చేయించుకోండి. మీకు రోజూ కాఫీ అలవాటుండి ఉంటే మొదటి రోజుల తలనొప్పికి అదొక కారణం కావచ్చు. కాఫీ ఒక్కసారిగా మానినవారికి ఒకటి రెండు రోజుల్లోనే తలనొప్పి మొదలై, వారం పైన కూడా ఉండవచ్చు. కానీ పన్నెండు రోజులకూ తగ్గలేదంటే నీళ్లు, నిద్ర చాలడం లేదేమోనని కూడా చూడాలి.

మీరు ఉత్తరంలో ఆకలి గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు, స్నానాల గది గడియ గురించి మాత్రం రాశారు. మిమ్మల్ని నలిపేస్తున్నది అదేనని నాకు అనిపిస్తోంది. రోజా ఎవరికి విధి, ఎవరికి కాదు అన్నది ఇస్లాంలో స్పష్టంగా ఉంది. ముస్లిమేతరులకు అది విధి కాదు. ముస్లింలలోనూ చిన్నపిల్లలకు, జబ్బుపడినవారికి, ప్రయాణంలో ఉన్నవారికి సడలింపు ఉంది, గర్భిణులూ పాలిచ్చే తల్లులూ తమకో బిడ్డకో హాని కలుగుతుందనుకుంటే ఆపవచ్చు, నెలసరి రోజుల్లో స్త్రీలు రోజా ఉండకుండా తరువాత ఆ లెక్క పూర్తి చేసుకుంటారు. అంటే, మీరున్న ఇంటి ఆడవాళ్లలోనే ఎవరో ఒకరు ఈ పన్నెండు రోజుల్లో వంటింట్లో చప్పుడు కాకుండా రెండు ముద్దలు తిని వచ్చి ఉండవచ్చు. పగటిపూట ఒకరు తినడం ఆ ఇంటి ఇల్లాలికి కొత్త సంగతేమీ కాదు. మీరు చెప్పకపోవడం వల్లనే ఆమెకు తెలియలేదు.

ఇఫ్తార్ హడావిడిలో కాకుండా, రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజు అయ్యి అందరూ టీ తాగుతూ తీరికగా ఉన్నప్పుడు ఆమెను పక్కకు పిలిచి, అభిమానంతో మొదలుపెట్టాననీ, ఒంటికి పడడం లేదనీ, పిల్లలకు అన్నం పెట్టేటప్పుడు వంటింట్లోనే మీకూ ఇంత పెట్టమనీ అడగండి. చాటుగా నీళ్లు తాగిన సంగతి కూడా చెప్పేయండి. అదెందుకు, ఆపేస్తే చాలదా అని కొందరు అనవచ్చు. నేను మాత్రం చెప్పమనే అంటాను, ఎందుకంటే అది చెప్పకుండా ఇఫ్తార్‌లో కూర్చుంటే ఖర్జూరం మళ్లీ గొంతులో అడ్డుపడుతుంది. సాయంత్రం మాత్రం వాళ్లతోనే కూర్చోండి. రోజా లేనివారిని ఇఫ్తార్‌కు పిలవడం అక్కడ మామూలే. బయట మాత్రం జాగ్రత్త: రంజాన్ పగటివేళ నలుగురిలో తినడం, తాగడం, పొగతాగడం జోర్డాన్ చట్టం ప్రకారం శిక్షార్హం. పాఠశాలలో నీళ్లు తాగాలంటే ఏ గదిలో తాగవచ్చో మీ సమన్వయకర్తను అడిగి తెలుసుకోండి. ఇది దాచుకోవడం కిందికి రాదు, ఎదుటివారిని గౌరవించడమే.

మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్నాయన్నారు. ఊరితోపాటు మీరూ ఒక గంట పడుకోండి, లేచాక ఇల్లాలి పక్కన వంటకు కూర్చోండి. మసూర్ పప్పుతో చారు కాచేది, కతాయెఫ్ అనే మిఠాయిలో అక్రోటు పప్పు పెట్టి మడిచేది అప్పుడే. రంజాన్‌లో అక్కడ అమ్మే తమ్ర్ హిందీ అనే పానీయం మన చింతపండుతో చేసేదే, ఆ పేరుకు అరబ్బీలో హిందూదేశపు ఖర్జూరం అని అర్థం. మీ అమ్మగారికి ముందుగా చెప్పవలసిన కబురు ఇలాంటిది.

ఇక అమ్మగారి గురించి. జోర్డాన్ మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి, ఆమె పనులన్నీ ముగించుకుని 9 గంటలకు ఫోన్ పట్టుకునేసరికి అక్కడ పొద్దుగూకి అందరూ పళ్లేల ముందు కూర్చుంటారు. పన్నెండు రోజులుగా కూతురు ఫోన్ కట్ చేస్తోంది, ఆ పైన ఎవరో ఫొటో చూపించారు. ఏ తల్లి అయినా ఆ రెండింటినీ కలుపుకునే ఆలోచిస్తుంది. రేపటి నుంచి పని కాగానే, మనకు సాయంత్రం ఐదు గంటలప్పుడు, మీరే చేయండి. నేను మతం మారలేదు అని వాదనకు దిగవద్దు. తెల్లవారుజామున ఎప్పుడు లేచారు, ఎందుకు రోజా ఉన్నారు, ఎందుకు ఆపేశారు, తలకు గుడ్డ ఎందుకు కట్టుకున్నారు, అన్నీ వరుసగా చెప్పండి. కార్తీక సోమవారం చుక్క కనిపించేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టని వాళ్లను చూసిన ఇంట్లో, పొద్దుగూకేదాకా ఉపవాసం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. రొట్టె మాట కూడా ఎత్తండి, కానీ దెప్పడానికి కాదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువులో దిగి, ముక్కూ మొహం తెలియని మనిషి చేతి నుంచి రొట్టె అందుకున్న రోజు ఆమెకు ఎలా ఉందో అడగండి, ఆమె చెప్పేదంతా వినండి. బారా షహీద్ దర్గాలో ఆమె కూడా తల మీద కొంగు కప్పుకునే ఉంటారు, ఆ సంగతి ఆమెకే గుర్తు రానివ్వండి. ఆ ఫొటో చూసి వెనుకంజ వేసే సంబంధం ఏదైనా ఉంటే దాని గురించి బెంగ అక్కరలేదు. నాన్నగారిని ఇప్పుడు కదిలించకండి. అమ్మగారు కుదుటపడ్డాక ఫోన్ ఆయన చేతికి ఆమే ఇస్తారు.

తిరిగి వచ్చేయడం గురించి తలనొప్పితో ఉండగా తేల్చుకోవద్దు. నెలకు 29 లేదా 30 రోజులు, మీకు మిగిలినవి 17 లేదా 18. పండుగ అయ్యి పాఠశాల మామూలు వేళలకు వచ్చాక, పది రోజులు పని చేసి చూసి, అప్పటికీ అక్కడ ఉండాలని లేకపోతే నిశ్చింతగా వచ్చేయండి. ప్రస్తుతానికి రేపు తెల్లవారుజామున తినే సహరీకి లేవకండి. లేవనని ఈ రాత్రే ఆ ఇల్లాలికి చెప్పి, మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని పడుకోండి.