ప్రొబేషన్‌లో ఉండి పాత పొయ్యికి 12,000 యూరోల అప్పా?

ప్రశ్న: జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు నెలల కిందటే కంపెనీ మారాను. అద్దె ఇల్లు, భార్య, ఏడాదిన్నర పాప. చేతికి నెలకు 3,500 యూరోలు వస్తే 2,700 ఖర్చవుతాయి. బ్యాంకులో 6,500 ఉన్నాయి. ఇక్కడి పాత సామాన్ల వ్యాపారి దగ్గర 1880ల నాటి ఆకుపచ్చ కాఖెలోఫెన్ (టైల్స్ పొయ్యి) చూశాను. విప్పి పెట్టెల్లో సర్ది ఉంది. ధర 14,000. రవాణాకు, మళ్లీ కట్టించడానికి ఇంకో 4,500. ఒక ఆన్‌లైన్ మధ్యవర్తి 8 శాతానికి అయిదేళ్ల గడువుతో 12,000 లోన్ ఇప్పిస్తానంటున్నాడు. మూడేళ్లు ఆగితే 25,000 పలుకుతుందని వ్యాపారి అంటున్నాడు. 500 అడ్వాన్సు ఇచ్చాను. ఈ పెట్టుబడి మంచిదేనా?

జవాబు: మీ ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాను. అసలు ఉత్తరంలో పొయ్యి గురించి రెండు పేజీలు రాశారు, ప్రొబెట్‌సైట్ (ప్రొబేషన్ కాలం) గురించి అర వాక్యం. నాకు ఆ అర వాక్యమే కనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. వస్తువే మారుతుంది. ఒకరిది శంకర్‌పల్లి దగ్గర ప్లాటు, ఇంకొకరిది పాత వాచీ, మీది పొయ్యి. ఉన్న పొదుపంతా ఊడ్చి, చాలనిదానికి అప్పు తెచ్చి, అవసరానికి వెంటనే అమ్ముడుపోని వస్తువు కొనుక్కుని, దాన్నే పొదుపనుకోవడం మాత్రం అందరిదీ ఒకటే.

ప్రొబెట్‌సైట్‌లో మిమ్మల్ని తీసేయడానికి రెండు వారాల నోటీసు చాలు, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. అప్పుడు మీకు నిరుద్యోగ భృతి వస్తుంది, పిల్లలున్నవాళ్లకు నికర జీతంలో 67 శాతం. గడిచిన 30 నెలల్లో 12 నెలలు నిరుద్యోగ బీమా చందా కట్టి ఉంటేనే సుమా. మీ లెక్కన సుమారు 2,300. ఖర్చు 2,700. అంటే నెలకు 400 లోటు. మీరు తీసుకోబోయే లోన్‌కు నెలవారీ కిస్తీ 243. అది కలిస్తే లోటు 640 దాటుతుంది. అప్పటికి బ్యాంకులో ఉండేది ఎంత? 6,500 పొయ్యికే పోయింది కాబట్టి సున్నా. పైగా మీ వీసా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువులో అద్దెకు డబ్బు లేకపోతే, దొరికిన మొదటి ఆఫర్‌కే తలొంచాలి.

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అంటే 16,200 యూరోలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలో. ఇప్పుడున్న 6,500ను కదపకుండా నెలకు 800 చొప్పున వేస్తూ పోతే పన్నెండు పదమూడు నెలల్లో అక్కడికి చేరతారు. అదే పొయ్యి కొంటే సున్నా నుంచి మొదలెట్టాలి, నెలకు మిగిలేది 557. ఇరవై తొమ్మిది నెలలు పడుతుంది. రెండున్నరేళ్లు పసిబిడ్డతో, పరాయి దేశంలో, ఏ ఆసరా లేకుండా. ఇది చాలదన్నట్టు, లోన్ రాకపోతే మీ అమ్మగారి నగలు తాకట్టు పెట్టిస్తానని చివర్లో రాశారు. దాని గురించి నేను చర్చించను. వద్దు.

ఇక 25,000 సంగతి. వ్యాపారి మాటే నిజమై మూడేళ్ల తర్వాత వేలంలో సరిగ్గా అంతే పలికిందనుకుందాం. వేలంశాల మీ దగ్గర 15 శాతం కమీషన్ తీసుకుంటే మీ చేతికి 21,250 వస్తుంది. మీకైన ఖర్చు 18,500, మూడేళ్లలో కట్టిన వడ్డీ 2,100 పైన, మళ్లీ విప్పించి, పెట్టెల్లో సర్ది, తరలించడానికి ఎంత తక్కువనుకున్నా 2,000. వెరసి 22,600 దాటింది. అనుకున్న ధర వచ్చినా 1,400 దాకా నష్టమే. కొనేవాడు కూడా వేలంశాలకు 25 శాతం దాకా అదనంగా కట్టుకోవాలి కాబట్టి, ఈ పొయ్యికి 31,000 పెట్టే మనిషి ఎక్కడో ఉండాలి. ఏడాది దాటాక అమ్మితే లాభం మీద పన్ను ఉండదని రాశారు, నిజమే. లాభమంటూ ఉంటే కదా!

అంత ధర ఎందుకు కష్టమో కూడా చెప్తాను, ఎందుకంటే ఈ పొయ్యిలంటే నాకూ ఇష్టమే. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ కోటలో, బంగారు గదిలో 1501 నాటి పొయ్యి ఉంది, వెళ్లినప్పుడల్లా దాని ముందు నిలబడతాను. స్విట్జర్లాండ్ వింటర్‌టూర్‌లో ఫౌ కుటుంబం వాళ్లు 16, 17 శతాబ్దాల్లో పలకల మీద కథలే చిత్రించారు. మ్యూజియంలు పోటీపడేది అలాంటివాటికి. 1880ల నాటికి జర్మనీలో ఈ పొయ్యిలు ఫ్యాక్టరీ సరుకు అయిపోయాయి. బెర్లిన్ పక్కన వెల్టెన్ అనే ఊళ్లోనే పదుల సంఖ్యలో పొయ్యి ఫ్యాక్టరీలు ఉండేవి. అప్పట్లో పదహారో శతాబ్దపు డిజైన్లను అచ్చు తీసి పోయడం ఫ్యాషన్. మీకు నచ్చిన ఆ కవచధారి బొమ్మ, ఆ ఆకుపచ్చ మెరుగు ఆ కాలం అనుకరణ కావడానికే ఎక్కువ అవకాశం. తర్వాత సెంట్రల్ హీటింగ్ వచ్చి ఇళ్లల్లోంచి వీటిని పీకేశారు. అందుకే కొట్టాల్లోను, నేలమాళిగల్లోను ఇన్ని పెట్టెలు మూలుగుతున్నాయి. తీసుకునేవాళ్లే తక్కువ.

నేనోసారి మీ న్యూరెంబర్గ్ ఉన్న ఫ్రాంకోనియా ప్రాంతంలో, ఒక పల్లెలో ఒక క్లయింటు కోసం అలాంటి పెట్టెలు విప్పించి చూశాను. పలకను తిరగేస్తే వెనక డబ్బాలాంటి మట్టి అంచు, దాని నిండా మసి, కుమ్మరి అచ్చులోకి మట్టి అదిమిన వేళ్ల గుర్తులు. చూడముచ్చటగానే ఉంది. కానీ వెనక సుద్దతో వేసిన నంబర్లు 1 నుంచి 94 దాకా ఉండాలి, మాకు దొరికినవి 81. మూల పలకలు నాలుగిట్లో ఒకటి లేదు. మూల పలక విడిగా దొరకదు, చేయించాలి. చేయించింది పాత మెరుగుతో కలవదు. మీరు ఇచ్చిన వివరాల్లో పలకల లెక్కే లేదు.

ఉన్నా, కట్టుకునేది ఎక్కడ? ఇలాంటి పొయ్యి బరువు టన్ను దాకా పోతుంది, ఒక్కోటి ఇంకా ఎక్కువ. మీది మూడో అంతస్తులో అద్దె ఇల్లు. ఓనరు ఒప్పుకోవాలి, నేల బరువు ఆపాలి, పొగగొట్టం ఉండాలి, మీ పేట షోర్న్‌స్టైన్‌ఫేగర్ (పొగగొట్టాలు తనిఖీ చేసే అధికారి) వచ్చి చూసి సరేనంటే తప్ప నిప్పు పెట్టకూడదు. 1950కి ముందువాటికి పొగ నిబంధనల్లో మినహాయింపు ఉందని వ్యాపారి చెప్పి ఉంటాడు. విప్పి, ఊరు మార్చి, కొత్తగా కట్టినదానికి అది వర్తిస్తుందా అన్నది తేల్చాల్సింది ఆ షోర్న్‌స్టైన్‌ఫేగరే, పాత సామాన్ల వ్యాపారి కాదు.

కొసరు మాట ఒకటి. 1767లో స్వీడన్‌లో క్రూన్‌స్టెట్, వ్రేదె అనే ఇద్దరు ఈ పొయ్యిలో పొగ మెలికలు తిరిగి పోయేలా దారులు పెట్టింది అలంకారానికి కాదు. దేశంలో కట్టెలు తరిగిపోతున్నాయి, ఖర్చు తగ్గించండి అంటే చేశారు. పొదుపు కోసం మెరుగుపడిన వస్తువును అప్పు చేసి కొంటానంటున్నారు మీరు!

ఈ వారమే చేయాల్సినవి ఉన్నాయి. లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి. పెట్టేసి ఉంటే, జర్మనీలో వినియోగదారుల రుణాన్ని 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. విడెర్‌రూఫ్ అని రాసి పంపండి, పంపిన రుజువు దాచుకోండి. వ్యాపారి దగ్గరున్న 500 అడగండి, ఇవ్వకపోతే పోనివ్వండి. దాన్ని కాపాడుకోవడానికి 18,500 పెట్టక్కర్లేదు.

మీకు టర్మ్ పాలసీ లేదు, పని చేయలేని స్థితి వస్తే ఆదుకునే బీయూ పాలసీ లేదు, మీవల్ల ఇతరులకు నష్టం జరిగితే భరించే హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమా కూడా లేదన్నారు. చివరిది ఏడాదికి పిజ్జాల ఖర్చంత కూడా కాదు, ఈరోజే తీసుకోండి. జబ్బు పడితే కంపెనీ జీతం ఇచ్చేది ఆరు వారాలే, ఆ తర్వాత హెల్త్ ఇన్సూరెన్సు ఇచ్చేది మొత్తం జీతంలో 70 శాతం దగ్గర ఆగుతుంది. ఇండెక్స్ ఫండ్ గురించి అడిగారు, మంచిదే, 16,200 పోగయ్యాక నెలకు కొంత వేసుకోవచ్చు.

పొయ్యి మీద మనసు చావకపోతే విడి పలక ఒక్కటి కొనుక్కోండి, విడి పలకలు సేకరించేవాళ్లు చాలామందే ఉన్నారు. కిటికీ గట్టు మీద పెట్టుకోవచ్చు, ఓనరు అనుమతి అక్కర్లేదు. ప్రొబెట్‌సైట్ ముగిసిన రోజు ఖాతాలో ఎంత ఉందో నాకు రాయండి.