మెదడు చుట్టూ రక్తస్రావం తర్వాత నిమోడిపిన్: రక్తంలో మందు స్థాయి చూడాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. తలలో రక్తనాళం ఉబ్బు (అన్యూరిజమ్) పగిలి మెదడు చుట్టూ రక్తస్రావమైంది. ఇవాళ్టికి 14వ రోజు. రెండో రోజే కాయిలింగ్ (ఉబ్బులోకి సన్నటి తీగచుట్టలు పంపి మూసేయడం) చేశారు, నిన్న ఇంటికి తీసుకొచ్చాం. నిమోడిపిన్ 30 ఎంజీ మాత్రలు రెండేసి చొప్పున 4 గంటలకోసారి వేయమన్నారు. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు గానీ, రాకుండా ఫెనిటోయిన్ 300 ఎంజీ రాత్రిపూట ఇస్తున్నాం. బీపీ 100/60 ఉంటోంది, మాత్ర వేశాక కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. పగలంతా మగతగానే ఉంటున్నారు. మందు ఎక్కువైందేమో, రక్తంలో ఎంతుందో పరీక్ష చేయించమని బంధువులు చెబుతున్నారు. రాత్రుళ్లు లేపి మరీ మాత్ర వేయాలా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మగత సంగతి చూద్దామమ్మా. డిశ్చార్జి నాటి కంటే ఇప్పుడు మగత పెరిగిందనిపిస్తే ఇవాళే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట తడబడినా, ఒక చెయ్యో కాలో బలహీనపడినా 108కి ఫోన్ చేయండి. రక్తస్రావమయ్యాక 4 నుంచి 14 రోజుల మధ్య మెదడు రక్తనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. 14 దాటగానే గండం గడిచినట్టు కాదు. మెదడులో నీరు చేరినా, రక్తంలో సోడియం తగ్గినా, ఫెనిటోయిన్ ఎక్కువైనా మగతే వస్తుంది. అందుకే సీటీ స్కాన్, సోడియం, ఫెనిటోయిన్ స్థాయి, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) ఒకేసారి చూపించుకోవడం మంచిది. సోడియం 135 కంటే తక్కువ వచ్చిందని ఎవరైనా నీళ్లు తగ్గించమంటే, న్యూరోసర్జన్‌ని అడగకుండా తగ్గించకండి. ఈ జబ్బులో ఉప్పు మూత్రంలో పోతూ ఒంట్లో నీరు కూడా తగ్గుతుంటుంది. నీళ్లు ఆపితే మెదడుకు రక్తం మరింత తగ్గుతుంది.

ఇక నిమోడిపిన్. రక్తనాళాలు బిగుసుకోవడం వల్ల మెదడుకు కలిగే నష్టాన్ని తగ్గించడానికి ఇచ్చే మందు ఇది. దీనికి రక్తంలో స్థాయి చూసే పరీక్ష మామూలు వైద్యంలో చేయం. డోసును బీపీ చూసి నిర్ణయిస్తాం. నోటి ద్వారా వేసుకున్న మందులో చాలా భాగాన్ని కాలేయం మొదటి దెబ్బకే విరిచేస్తుంది, రక్తంలోకి చేరేది సుమారు 13 శాతమే. చేరింది కూడా మొదటి ఒకటి రెండు గంటల్లోనే వేగంగా తగ్గిపోతుంది. 4 గంటల లెక్క అందుకే. రాత్రి 2 గంటల డోసు కోసం లేపాల్సిందే. రోజుకు 12 మాత్రలు, మొత్తం 21 రోజులు. ఆ 21ని డిశ్చార్జి నుంచి కాదు, మొదటి మాత్ర వేసిన రోజు నుంచి లెక్కపెట్టండి. అన్ని మెడికల్ షాపుల్లో ఇది దొరకదు, మిగిలిన రోజులకు సరిపడా ఒకేసారి తెచ్చిపెట్టుకోండి. భోజనానికి గంట ముందు గానీ, రెండు గంటల తర్వాత గానీ వేయండి. డోసు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేయండి. తర్వాతి డోసు దగ్గరపడితే వదిలేయండి, రెండు డోసులు కలిపి మాత్రం వద్దు.

బీపీ 100/60 ఉండి కళ్లు తిరుగుతున్నా మాత్ర సొంతంగా ఆపకండి. న్యూరోసర్జన్‌కి ఇవాళే ఫోన్ చేసి బీపీ అంకెలు చెప్పండి. పాత బీపీ మాత్రలు (ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటివి) ఇంకా వేస్తున్నారేమో చూసుకోండి. చాలా ఇళ్లలో చిక్కు అక్కడే ఉంటుంది. అవేవీ లేకుంటే సాధారణంగా రెండు మాత్రలు 4 గంటలకు బదులు ఒక్కో మాత్ర 2 గంటలకోసారి ఇవ్వమంటారు. మొత్తం డోసు తగ్గదు, బీపీ మాత్రం ఒక్కసారిగా పడదు. డోసు తగ్గించాల్సి వచ్చినవాళ్లు తక్కువగా కోలుకున్నట్టు పరిశీలనలున్నాయి. అయితే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకే బీపీ ఎక్కువగా పడుతుంది కాబట్టి తప్పంతా డోసుదేనని చెప్పలేం.

మీరు అడగని విషయం ఒకటుంది. నా దృష్టిలో అదే ముఖ్యం. ఫెనిటోయిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి నిమోడిపిన్‌ను ఇంకా త్వరగా విరిచేయిస్తుంది. అంటే మీ బంధువులు భయపడుతున్నట్టు మందు ఎక్కువ కావడం కాదు, మెదడుకు అందాల్సినంత అందకపోవడమే ఇక్కడ అసలు అనుమానం. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా ఇంతే. క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్ మాత్రలు, గ్రేప్‌ఫ్రూట్ రసం దీనికి విరుద్ధంగా స్థాయిని పెంచి బీపీ పడగొడతాయి. ఫిట్స్‌కే వాడే లెవెటిరాసెటమ్‌తో ఈ తంటా లేదు. కానీ ఇవాళ ఫెనిటోయిన్ మార్చినా ఎంజైములు చల్లబడటానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, ఈలోపు మీ 21 రోజులు పూర్తవుతాయి. కాబట్టి హడావుడిగా ఆపకండి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

స్థాయి చూడాల్సింది ఫెనిటోయిన్‌దే. రాత్రి డోసుకు కాస్త ముందు రక్తం ఇవ్వండి. మామూలు పరిధి మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు. ఆసుపత్రిలో రోజుల తరబడి ఉన్నవాళ్లకు అల్బుమిన్ పడిపోతుంది, అప్పుడు రిపోర్టులో ఫెనిటోయిన్ అంకె అసలు కంటే తక్కువగా కనిపించి మోసం చేస్తుంది, దాన్ని లెక్కకట్టి సరిచేసుకోవాలి. ఫెనిటోయిన్ 8, అల్బుమిన్ (డెసిలీటరుకు గ్రాముల్లో) 2.5 వచ్చాయనుకోండి: 2.5ను 0.2తో గుణించి 0.1 కలిపితే 0.6. 8ని 0.6తో భాగిస్తే 13 పైచిలుకు. అంటే సరిపోయినట్టే. ఇది తెలియక ‘తక్కువుంది’ అని 300ను 400 చేస్తే స్థాయి ఉన్నట్టుండి ఎగబాకుతుంది. కళ్లు అటూఇటూ ఊగడం, నడకలో తూలడం, మగత అప్పుడే మొదలవుతాయి.

ఫిట్స్ ఒక్కసారి కూడా రానివాళ్లకు ఈ మందును నెలల తరబడి వాడాల్సిన పని సాధారణంగా ఉండదు. రక్తస్రావం తర్వాత ఫెనిటోయిన్ ఎక్కువగా వాడినవాళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన నెమ్మదిగా కోలుకున్నట్టు గమనించారు. ఎప్పుడు, ఎలా తగ్గించాలో రివ్యూలో మీరే అడగండి. డిశ్చార్జి కాగితంలో ‘కొనసాగించాలి’ అని రాసి వదిలేసిన మాత్ర ఏడాదిపాటు నడిచిపోవడం మామూలే.