పాఠకుల ప్రశ్నలు: స్త్రీవాదం వల్ల ఒరిగిందేమిటి?

ప్రశ్న: నేను ఇద్దరు పిల్లల తల్లిని, ఉద్యోగం చేస్తున్నాను. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఆఫీసు పనీ, ఇంటి పనీ రెండూ నా మీదే పడుతున్నాయి. మా అమ్మమ్మకు ఇన్ని హక్కులు లేకపోయినా నాకంటే నిమ్మళంగా బతికిందనిపిస్తుంది. స్త్రీవాదం వల్ల ఆడవాళ్ల బతుకూ సమాజమూ నిజంగా బాగుపడ్డాయా, లేక చాకిరీ మాత్రమే రెట్టింపయిందా?

జవాబు: బాగుపడ్డాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. కానీ మీ అలసటను తోసిపుచ్చి ఆ మాట చెప్పడం అన్యాయమవుతుంది కనుక ముందుగా దాని గురించే రాస్తాను. ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. బెట్సీ స్టీవెన్‌సన్, జస్టిన్ వుల్ఫర్స్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, 1970ల తర్వాత అమెరికాలో స్త్రీలకు చదువు, ఉద్యోగం, చట్టపరమైన హక్కులు పెరుగుతూ వచ్చినా, తమ సంతోషం గురించి వారు స్వయంగా చెప్పుకునే అంచనా మాత్రం తగ్గుతూ వచ్చిందని తేల్చారు. స్త్రీవాదాన్ని వ్యతిరేకించేవారు ఈ పరిశోధనను తరచుగా ఉదహరిస్తారు. అయితే ఆ తగ్గుదల ఉద్యోగాలు చేసేవారికే పరిమితం కాలేదనీ, ఇంటిపట్టున ఉన్నవారిలోనూ కనిపించిందనీ అందులోనే ఉంది. ఆ సంగతిని వారు ప్రస్తావించరు.

చాకిరీ విషయానికి వస్తే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో జీతం లేని ఇంటి పనినీ, పిల్లల, వృద్ధుల, రోగుల సంరక్షణనూ కలిపి లెక్కిస్తే అందులో నాలుగింట మూడు వంతులకు పైగా స్త్రీలే చేస్తున్నారు. ఆడవాళ్లు బయటి పనిలోకి రావడానికి చట్టాలు మారాయి, పాఠశాలలు మారాయి, ఆఫీసులు కొంత మారాయి. మగవాళ్లు ఇంటి పనిలోకి రావలసిన రెండో సగం మాత్రం చాలా ఇళ్లలో మొదలే కాలేదు. స్త్రీవాదులు ఈ రెండో సగాన్ని మరచిపోలేదని కూడా చెప్పాలి. 1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో దాదాపు 90 శాతం మంది స్త్రీలు ఉద్యోగాలతో పాటు వంట, పిల్లల పెంపకం కూడా ఆ ఒక్క రోజుకు ఆపివేసి వీధుల్లోకి వచ్చారు. తాము చేసే పని ఎంతటిదో దేశానికి ఆ విధంగా తెలియజెప్పారు. మరుసటి ఏడాదే అక్కడ స్త్రీపురుష సమానత్వ చట్టం వచ్చింది.

ఇక మీ అమ్మమ్మగారి నిమ్మళం. అది నిజమైనదే కావచ్చు, దాన్ని శంకించే హక్కు నాకు లేదు. అయితే అది ఎవరి దయ మీద నిలిచి ఉండేదో ఆలోచించమని కోరుతున్నాను. చాలా దేశాల్లో చట్టాలు భార్యను ఎక్కడ నిలబెట్టాయో చూడండి. ఇంగ్లండ్‌లో 1870, 1882 చట్టాలు రాకముందు భార్య సంపాదన, ఆస్తి సాధారణంగా భర్త అధీనంలోకి పోయేవి. ఫ్రాన్సులో 1965 దాకా భార్య తన పేరిట బ్యాంకు ఖాతా తెరవాలన్నా, ఉద్యోగంలో చేరాలన్నా భర్త అడ్డుచెప్పగలిగేవాడు. భార్యపై భర్త చేసే అత్యాచారం కూడా నేరమేనని ఇంగ్లండ్ అత్యున్నత న్యాయస్థానం స్పష్టం చేసింది 1991లో. భర్త మంచివాడైతే ఈ చట్టాల బరువు ఆమెకు తెలియకుండానే జీవితం గడిచిపోయేది. మంచివాడు కాకపోతే ఆమెకు వెళ్లడానికి చోటు లేదు, చెప్పుకోవడానికి కోర్టు లేదు, చేతిలో తనదంటూ డబ్బు లేదు.

నా దృష్టిలో స్త్రీవాదం సాధించినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే: భరించలేని చోటి నుంచి బయటపడే దారిని ఏర్పరచడం. ఆ దారిని ఎన్నడూ వాడుకోని స్త్రీకి కూడా దాని ఫలితం అందుతుంది. పైన చెప్పిన ఆ ఇద్దరు ఆర్థికవేత్తలే 2006లో మరో పరిశోధన ప్రచురించారు. భార్యాభర్తల్లో ఒక్కరు కోరుకున్నా విడాకులు పొందే వీలు కల్పించిన అమెరికా రాష్ట్రాల్లో స్త్రీల ఆత్మహత్యలు 8 నుంచి 16 శాతం, గృహహింస దాదాపు 30 శాతం తగ్గాయని అందులో తేలింది. హింసలో ఈ తగ్గుదల స్త్రీపురుషులిద్దరి విషయంలోనూ కనిపించింది. అంటే విడాకుల చట్టం విడిపోయినవారికే కాక, కలిసి ఉన్న కుటుంబాలకు కూడా మేలు చేసింది. భార్య వెళ్లిపోగలదని తెలిసిన భర్త చేయి ఎత్తే ముందు ఆలోచిస్తాడు. 2009 నాటి సంతోషపు లెక్కను చూపించేవారు 2006 నాటి ఈ లెక్కను కూడా పక్కనే పెట్టి చూపించాలి. సంతోషం ఎంతో అడిగితే జవాబు చెప్పగలిగేవారు బతికి ఉన్నవారే కదా.

సమాజం సంగతి కూడా అడిగారు. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క ఏడాదిలో స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చింది కనుక, ఆ హక్కు వచ్చిన తర్వాత ఏం మారిందో పోల్చి చూసే అవకాశం పరిశోధకులకు దొరికింది. గ్రాంట్ మిల్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, స్త్రీలు ఓటర్లయిన వెంటనే ప్రభుత్వాలు ప్రజారోగ్యంపై ఖర్చు పెంచాయి, పరిశుభ్రత గురించి ఇంటింటి ప్రచారాలు సాగాయి, పిల్లల మరణాలు 8 నుంచి 15 శాతం తగ్గాయి. ఆ పిల్లల్లో మగపిల్లలూ ఉన్నారు.

ఇంత చెప్పినా ఉద్యమం తన లోపాలకు తాను జవాబు చెప్పుకోవలసిందే. 1920లో అమెరికా రాజ్యాంగ సవరణతో స్త్రీలకు ఓటు వచ్చిందని పాఠ్యపుస్తకాలు రాస్తాయి కానీ, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలలో అత్యధికులకు 1965 నాటి ఓటుహక్కుల చట్టం దాకా అది కాగితం మీదే మిగిలింది. తెల్లజాతి నాయకురాళ్లలో చాలామంది ఆ అన్యాయంతో రాజీపడ్డారు. ఈనాటికీ చదువుకున్న స్త్రీ పైకి ఎదగడానికి మరో పేద స్త్రీ తక్కువ జీతానికి ఆమె ఇంటి పని చేస్తూ, సెలవూ భద్రతా లేకుండా మిగిలిపోవడం మనకు కనబడుతూనే ఉంది. ఆ రెండో స్త్రీ జీతాన్ని, సెలవును, గౌరవాన్ని పట్టించుకోని సమానత్వం నాకు సమ్మతం కాదు.

ప్రశ్న: చదువు వ్యాపించింది, యంత్రాలు వచ్చాయి, మందులు వచ్చాయి, యుద్ధకాలంలో ఫ్యాక్టరీలకు ఆడవాళ్లు అవసరమయ్యారు. ఈ మార్పులన్నింటినీ స్త్రీవాదం ఖాతాలో వేయడం సరైనదేనా?

జవాబు: అన్నింటినీ వేయకూడదు. కుళాయి నీళ్లు, విద్యుత్తు, బట్టలుతికే యంత్రం స్త్రీల కాలాన్ని ఎంతగా మిగిల్చాయో తక్కువ చేసి చెప్పలేం. కానీ సంపద, చదువు వాటంతట అవే హక్కులు తెచ్చిపెడతాయనేది నిజమైతే స్విట్జర్లాండ్ అందరికంటే ముందుండాలి. ఆ సంపన్న దేశంలో 1959లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండు వంతుల మంది పురుష ఓటర్లు స్త్రీలకు ఓటు వద్దన్నారు. దేశస్థాయి ఎన్నికల్లో స్త్రీలకు ఓటు 1971లో గానీ రాలేదు. ఆపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రంలోనైతే స్థానిక ఓటు కోసం 1990లో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వవలసి వచ్చింది. న్యూజిలాండ్ 1893లోనే ఆ హక్కు ఇచ్చిందంటే, అక్కడ కేట్ షెపర్డ్ వంటివారు ఊరూరా సంతకాలు సేకరించి పార్లమెంటు ముందు పెట్టడమే ప్రధాన కారణం.

మందుల మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పాలి. గర్భనిరోధక మాత్రకు అమెరికాలో 1960లో అనుమతి లభించింది. దాని వెనుక ఉన్న పరిశోధనకు ప్రభుత్వం గానీ పెద్ద మందుల కంపెనీలు గానీ డబ్బు పెట్టడానికి వెనుకాడిన రోజుల్లో, ఆ ఖర్చులో అత్యధిక భాగాన్ని భరించింది ఓటుహక్కు ఉద్యమంలో పనిచేసిన కాథరిన్ మెకార్మిక్ అనే స్త్రీ. విజ్ఞానశాస్త్రం ఏ ప్రశ్నకు జవాబు వెదకాలో నిర్ణయించడంలో కూడా ఉద్యమానికి పాత్ర ఉందన్నమాట.

ప్రశ్న: ఇందులో మగవాళ్లకు కలిగిన మేలు ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. 1972లో అమెరికాలో ఒక వ్యక్తి భార్య ప్రసవ సమయంలో మరణించింది. ఉద్యోగం చేసి ఆ కుటుంబాన్ని ప్రధానంగా పోషించింది ఆమే. పసిబిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉండడానికి అతడు సామాజిక భద్రతా పథకం కింద సాయం అడిగితే, అది భర్తను కోల్పోయిన తల్లులకే గానీ భార్యను కోల్పోయిన తండ్రులకు లేదన్నారు. అతని తరఫున వాదించింది స్త్రీల హక్కుల న్యాయవాదిగా పేరుపొందిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. 1975లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతనికి అనుకూలంగా తీర్పునిచ్చింది. సంపాదించేది పురుషుడే, పెంచేది స్త్రీయే అనే ఊహను చట్టం నుంచి తొలగించినప్పుడు ఆ తండ్రికి బిడ్డ దగ్గర ఉండే హక్కు దక్కింది.

మొదటి ప్రశ్న అడిగిన సోదరికి కూడా ఈ జవాబులో కొంత ఉంది. ఐస్‌లాండ్‌లో 2000లో చేసిన చట్టం బిడ్డ పుట్టినప్పుడు తల్లికి మూడు నెలలు, తండ్రికి మూడు నెలలు, ఇద్దరూ పంచుకోవడానికి మరో మూడు నెలలు జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. ఆ చట్టం ప్రకారం తండ్రి వాటాను తల్లికి బదిలీ చేయడానికి వీలుండేది కాదు. ఆయన తీసుకోకపోతే అది రద్దయిపోయేది. ఆ నిబంధన వల్లనే అక్కడ అత్యధిక సంఖ్యలో తండ్రులు సెలవు తీసుకుని పసిపిల్లల పనులు చేయసాగారు. మీ ఇంట్లో పనులను ఎవరెవరు చేయాలో మీ భర్తతో కూర్చుని పేరు పేరునా విభజించుకోండి, ఆయన వంతును మీరు అందుకోకండి. ఆఫీసులో తండ్రులకు సెలవు కోసం అడిగేటప్పుడు ఆయనను కూడా సంతకం చేయమనండి.