ఇంగ్లండు పెన్షన్‌కి ఏజెంటు ఎందుకురా తమ్ముడూ

తెనాలి

తమ్ముడూ,

నిన్న మరదలు ఫోన్ చేసింది. ఆవకాయకి కాయలు ఎంత పడ్డాయని అడుగుతూ, మాటల్లో మాటగా నీ ఇంగ్లండు పెన్షన్ సంగతి చెప్పింది. ఎవరో ఏజెంటు దొరికాడట. ముందు 40 వేలు, డబ్బు పడటం మొదలయ్యాక మొదటి ఏడాది పెన్షన్‌లో పదో వంతు, మిగతాదంతా తనే చూసుకుంటానన్నాడట.

రాత్రంతా నిద్ర లేదు. సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు. నాన్న ఉన్నన్నాళ్లూ పింఛను అనే మాట మనింట్లో కరణంగారి గురించి మాట్లాడుకునేటప్పుడే వినిపించేది. తన పిల్లలిద్దరికీ దొరల సర్కారు నెలనెలా డబ్బు పంపుతుందంటే నాన్న నమ్మేవాడా? నువ్వు ఇంగ్లండులో ఆ స్లౌ ఊళ్లో, ఆ చలికి, ఆ చిన్న గదిలో, పన్నెండేళ్లు కష్టపడి కట్టిన డబ్బురా అది. అందులో పదో వంతు ఎవడికో ఎందుకు?

చెయ్యాల్సింది ఏమంత లేదు. అక్కడ జీతంలోంచి కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్‌ఐ) కనీసం 10 ఏళ్లది ఉంటే పెన్షన్ వస్తుంది, పూర్తిగా రావాలంటే 35 ఏళ్లు ఉండాలి. నీకు 12 ఉన్నాయి. అప్లికేషన్‌కి ఒక్క పైసా ఫీజు లేదు. బయటి దేశాల్లో ఉన్నవాళ్ల పని చూసేది న్యూకాజిల్‌లోని ఇంటర్నేషనల్ పెన్షన్ సెంటర్. ఫోన్ నంబరూ ఫారమూ వాళ్ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. నీ ఎన్‌ఐ నంబరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఎక్కడ పనిచేశావో, పెళ్లి వివరాలు, బ్యాంకు ఖాతా. అంతే. ఇంజినీర్‌వి, ఆ మాత్రం నింపలేవా? ఫోన్ చేస్తే మధ్యాహ్నం భోజనం అయ్యాక చెయ్యి, అప్పటికి వాళ్లకి తెల్లారి ఆఫీసు తెరిచి ఉంటుంది.

ఇంకో మాట. 66 నిండగానే జులై నుంచి వస్తుందని చెప్పాడట మీ ఏజెంటు. అక్కడే వాడి తెలివి తెలిసిపోయింది. 66ని 67 చేస్తూ ఒక్కో నెలా పెంచుతున్నారు. బడిలో మాస్టారు నీకు వేసిన పుట్టినరోజు 1960 జులై 20, పాస్‌పోర్టులోనూ అదే. ఆ లెక్కన నీకు వచ్చేది 66 ఏళ్ల 4 నెలలకి, అంటే ఈ నవంబరు 20న. నాలుగు నెలల ముందు నుంచి అడగొచ్చు కాబట్టి, జులైలో నువ్వు చేసేది అప్లికేషనే, డబ్బు రాదు. నువ్వు నిజంగా పుట్టింది కార్తీకంలోనని అమ్మ ఎప్పుడూ అనేది కదా. మాస్టారి లెక్క తప్పినా దొరల లెక్క మళ్లీ కార్తీకానికే తెచ్చింది చూడు!

ఏటా పెరుగుతుందని కూడా వాడు చెప్పి ఉంటే అది కూడా నమ్మకు. ఇండియాలో ఉన్నవాళ్లకి మొదటిసారి ఎంత ఇచ్చారో ఎప్పటికీ అంతే. ఇంగ్లండులో లెస్టర్ నర్సింగ్ హోమ్‌లో నాతో పనిచేసి అక్కడే ఉండిపోయినవాళ్లకి ప్రతి ఏప్రిల్‌లో పెరుగుతోంది. నాది 2021లో ఎంతో ఇవాళా అంతే. పోనీలే అనుకుంటాను కానీ, మనసులో కలుక్కుమంటుంది.

ఇంతా చెప్పాక నువ్వు అడగబోయేది తెలుసు: మరి నువ్వెందుకు ఇచ్చావక్కా ఏజెంటుకి?

ఇచ్చానురా. ఇప్పటిదాకా నీకు చెప్పలేదు.

2021లో నాకు 66 నిండేసరికి కరోనా. మీ బావ ఆసుపత్రిలో. పద్నాలుగేళ్లు ఆ దేశంలో ముసలివాళ్ల ఫారాలన్నీ నింపిన దాన్ని, నా ఫారం నింపుకోవడానికి చెయ్యి రాలేదు. ఒకాయన, పేరెందుకులే, సెల్ ఫోన్ల షాపు పైన ఆఫీసు, పెద్ద టేబులు, గోడకి లండన్ బ్రిడ్జి ఫొటో. 35 వేలు తీసుకున్నాడు. పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. ఏం రాశాడో చదవలేదు. మూడు నెలలకి డబ్బు పడింది. మీ బావ తెగ మెచ్చుకున్నాడు ఆయన్ని. నేనూ స్వీట్లు తీసుకెళ్లి ఇచ్చొచ్చాను.

2023లో ఒక నెల డబ్బు పడలేదు. బ్యాంకు వాళ్ల తప్పనుకున్నాను. మూడుసార్లు వెళ్లాను, మూడోసారి ఆ క్లర్కు నన్ను చూసి తల దించుకుని కంప్యూటర్‌లోకి చూస్తూ కూర్చున్నాడు. తరవాత ఇంకో నెల, ఇంకో నెల. ఎవరికీ చెప్పలేదు. ఏదో తప్పు చేశాననీ, ఇచ్చిందంతా వెనక్కి కట్టమంటారేమోననీ భయం. ఆరో నెలలో అమ్మాయి నా మొహం చూసి అడిగి, న్యూకాజిల్‌కి ఫోన్ చేసింది. అవతల అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది: మేం లైఫ్ సర్టిఫికెట్ పంపాం, రెండుసార్లు పంపాం, జవాబు రాలేదు, ఆవిడ ఉన్నారా?

ఉన్నానమ్మా అని పక్కనుంచి నేనే అరిచాను.

ఆ ఏజెంటు ఫారంలో నా అడ్రసు బదులు తన ఆఫీసు అడ్రసు రాశాడు. ఏ ఉత్తరం వచ్చినా తన దగ్గరికి వస్తే, మళ్లీ ఇంకో ఫీజు అడగొచ్చని. తీరా ఆఫీసు ఎత్తేసి వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి అక్కడ కోచింగ్ సెంటరు. కింద మెట్ల పక్కన కరెంటు మీటర్ల డబ్బా మీద, నా పేరుతో రెండు కవర్లు, దుమ్ము కొట్టుకుని. ఇక్కడ పెన్షనర్లయితే నవంబరు రాగానే వాళ్లే వెళ్లి బతికున్నామని చెప్పుకుంటారు. ఇంగ్లండు వాళ్లది అలా కాదు, వాళ్లకి తోచినప్పుడు పోస్టులో కాగితం వస్తుంది. చుట్టం కాని డాక్టరో బ్యాంకు ఆఫీసరో సాక్షి సంతకం పెడితే వెనక్కి పంపాలి. కాగితం నా చేతికి వచ్చి ఉంటే అరగంట పని.

పంపాక బకాయితో సహా మొత్తం పడింది. ఆ డబ్బేమీ పోలేదు.

పోయింది వేరే. ఆ ఆరు నెలలూ మీ బావకి వారానికి మూడు డయాలసిస్‌లు. మీ అబ్బాయి పెళ్లిలో అమ్మ గాజులు వేసుకోలేదేం అక్కా అని అడిగావు, గుర్తుందా? లాకర్లో ఉన్నాయన్నాను. లేవురా. అమ్మేశాను. నిన్ను అడిగి ఉంటే ఇచ్చేవాడివని తెలుసు, అందుకే అడగలేదు. అవి అమ్మ మనిద్దరికీ అని చెప్పి నా దగ్గర పెట్టినవి. ఒకటి నీ కోడలికి వెళ్లాల్సింది.

చదివి కోపం తెచ్చుకో, ఫర్లేదు. ఫోన్లో మాత్రం ఆ సంగతి ఎత్తకు, నేను మాట్లాడలేను.

ఏజెంట్లంతా దొంగలని నేననను. టైపు చేసి పెట్టినందుకు 500 తీసుకుంటే ఇచ్చెయ్యి. కానీ ఫారంలో అడ్రసు నీది, ఫోన్ నీది, ఖాతా నీది. నీకూ వాళ్లకీ మధ్య ఇంకో మనిషి పేరు ఉండకూడదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు. అసలు పాస్‌పోర్టు వాడి చేతికివ్వకు. ఇల్లు మారితే ముందు పాలవాడికి కాదు, న్యూకాజిల్‌కి చెప్పు. నువ్వు కూకట్‌పల్లిలో ఇప్పటికి మూడు ఇళ్లు మారావు, నా భయమంతా అదే. వచ్చిన పెన్షన్ ఇక్కడి ఐటీ రిటర్న్‌లో చూపించు, దానికి మీ ఆడిటర్ చాలు.

ఆ 40 వేలు ఇంకా ఇవ్వలేదు కదా? ఇస్తే ఇచ్చావు, రెండోసారి వెళ్లకు. జులై మొదటి వారంలో రైలెక్కి ఇక్కడికి రా. నీ పాత పీ60లు, అదే అక్కడి ఏడాది జీతం, పన్ను కాగితాలు, ఉన్న ఆ నల్ల బ్రీఫ్‌కేసు అటక మీద నుంచి దింపి తీసుకురా, పాస్‌పోర్టులన్నీ కూడా, రద్దయిన పాతవి సహా. ఇద్దరం కూర్చుని నింపుదాం. ఆవకాయ జాడీ పక్కన పెట్టాను, మరదలికి కారం తక్కువ వేసింది వేరేగా ఉంది.

అక్క