పెరటి ఉయ్యాలకి పాత కుర్చీ చాలు, తాడు మాత్రం కొత్తది కొనండి

మీ బాబుకి ఏడాదిన్నర, పెరట్లో వేపచెట్టుంది, అటక మీద పాత సామానుంది. వాటితో ఉయ్యాల కట్టొచ్చా, లేక మీ అత్తగారన్నట్టు పాత చీర కట్టేస్తే సరిపోతుందా అని కదా మీరడిగింది? నిక్షేపంగా కట్టొచ్చండీ. భీమవరం దగ్గర మా ఊళ్లో మామగారూ నేనూ కలిసి కట్టాం. మా పాప ఊగింది, తర్వాత మా చెల్లెలి కొడుకూ ఊగాడు.

ముందు చీర సంగతి. చీర ఉయ్యాల పడుకునే పసిపిల్లలకి, అదీ పెద్దవాళ్లు పక్కనున్నప్పుడు. లేచి నిలబడే వయసొచ్చాక వద్దు. లోపలే నిలబడతారు, గిర్రున మెలి తిప్పుకుంటారు. ఆ మెలి మెడ దగ్గర బిగుసుకుంటే పిల్లాడు అరవను కూడా లేడు. అత్తగారికి నచ్చజెప్పే పూచీ మీది.

మేం వాడింది కాళ్లు విరిగిన పిల్లల ప్లాస్టిక్ కుర్చీ, చేతులున్నది. పాత కుర్చీ వాడే ముందు ప్లాస్టిక్ ఎలా ఉందో చూడండి. ఏళ్లపాటు ఎండలో పడున్న కుర్చీ రంగు వెలిసిపోతుంది, రుద్దితే చేతికి తెల్లటి పొడి అంటుతుంది. అలాంటిది చెప్పాపెట్టకుండా పెళుక్కున విరుగుతుంది, పారేయండి. వీపు భాగం వంచితే వంగి మళ్లీ యథాస్థితికి వస్తే పనికొస్తుంది. మిగిలిన కాళ్లు హాక్సా బ్లేడుతో సీటు దాకా కోసేసి, అంచులు ఎమరీ పేపరుతో నున్నగా రుద్దాలి. స్కూటర్ టైరు పెద్ద పిల్లలకి సరే గానీ ఈ వయసుకి నేను చెప్పను. ఎండకి కాలిపోతుంది, వానకి లోపల నీళ్లు నిలిచి దోమలు చేరతాయి.

అసలు కిటుకు తాడు పోయే దారిలో ఉంది. చాలామంది కుర్చీ చేతులకి కన్నాలు పెట్టి తాడు ముడేస్తారు. అప్పుడు బరువంతా ఆ కన్నం అంచు మీదే పడుతుంది, ఏదో ఒకరోజు అక్కడ చీలుతుంది. మామగారు అలా కట్టనివ్వలేదు. కొమ్మ మీంచి దిగిన తాడు సీటు అడుగు నుంచి వెళ్లి, అటుపక్క పైకి లేచి మళ్లీ కొమ్మకి చేరాలి. ముందువైపు ఇలా ఒక తాడు, వెనకవైపు ఒకటి. అంటే కుర్చీ తాళ్ల మీద కూర్చుంటుందన్నమాట. ప్లాస్టిక్ పగిలినా పిల్లాడు తాడు మీదే ఉంటాడు. కన్నాలు తాడు పక్కకి జరక్కుండా పట్టుకోవడానికే. వాటిని ఇనప చువ్వ కాల్చి పెడితే అంచు కరిగి నున్నగా వస్తుంది, పగులు పట్టదు. ఆ పొగ మంచిది కాదు, ఆరుబయట చేయండి.

ఇక ముందు అడ్డు. ప్లంబింగ్ పనిలో మిగిలిన పీవీసీ పైపు ముక్క ఒకటి చిన్న తాడుకి గుచ్చి, ముందు తాళ్ల మధ్య పిల్లాడి రొమ్ము ఎత్తులో కట్టండి. దాంతో పని అయిపోయిందనుకోకండి. ఈ వయసు పిల్లలు ముందుకి తూలి పడటం కంటే అడ్డు కిందనుంచి జారిపోవడమే ఎక్కువ. అందుకని సీటు ముందంచు మధ్య నుంచి కాళ్ల సందులోంచి పైపు దాకా ఒక పట్టీ ఉండాలి. దానికి పాత మంచం నైలాన్ నవారును మించింది లేదు: వెడల్పుగా ఉంటుంది, ఒరుసుకోదు. నూలు నవారైతే చివికిపోయిందేమో గట్టిగా లాగి చూడండి.

ఇన్ని పాతవి వాడమన్నాను గానీ తాడు మాత్రం కొనండి. చేంతాడు, బట్టలారేసిన తీగ, బోరు మోటారుకి కట్టి తీసేసిన ప్లాస్టిక్ తాడు, ఏదీ వద్దు. కొబ్బరి తాడు వానకి లోపల్లోపల కుళ్లుతుంది, ప్లాస్టిక్ తాడు ఎండకి పొడిపొడిగా రాలుతుంది. హార్డ్‌వేర్ షాపులో 12 మిల్లీమీటర్ల నైలాన్ తాడు అడగండి, చాలాచోట్ల కిలోల లెక్కన అమ్ముతారు. కోసిన కొసల్ని అగ్గిపుల్లతో కాల్చి అతికిస్తే పురి విడదు. ముడి, దూడ మెడకి వేస్తారే, ఎంత లాగినా ఉచ్చులా బిగుసుకోని ముడి, అది రావాలి. రాకపోతే పశువులున్న ఇంటాయన్ని పిలవండి, రెండు నిమిషాల పని.

మీది వేప కాబట్టి చెట్టుతో బెంగ లేదు. కొమ్మ పచ్చిగా, 8 అంగుళాల మందం ఉండాలి, మాను దగ్గర చీలిక ఉండకూడదు. చింత, మామిడి కూడా సరే. మునగ మాత్రం ఎవరూ అనుకోవద్దు. చూడ్డానికి ఎంత లావున్నా చటుక్కున విరిగే కర్ర, పైగా వానాకాలం దాని నిండా గొంగళి పురుగులు. తాడు పడేచోట కొమ్మకి పాత సైకిల్ ట్యూబో గోనెపట్టో చుడితే చెట్టు బెరడూ తాడూ రెండూ అరగవు.

పిల్లాణ్ని కూర్చోబెట్టే ముందు రెండు 25 కిలోల బియ్యం బస్తాలు వేలాడదీసి ఒక రాత్రి వదిలేయండి. పిల్లాడి బరువు పది పన్నెండు కిలోలే కదా అనకండి. ఎవరూ చూడనప్పుడు వాళ్ల బాబాయి కూడా కూర్చుంటాడు. సీటు నేలకి 2 అడుగుల ఎత్తులో ఉండాలి. కింద సిమెంటు గచ్చుంటే చోటు మార్చండి. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకుంటే పరవండి. వానాకాలంలో విప్పి లోపల పెట్టేయడం, మళ్లీ కట్టేటప్పుడు తాడంతా వేళ్లతో తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

తాడు కొనే లెక్క: కొమ్మ 8 అడుగుల ఎత్తులో ఉంటే కిందికి దిగేది 6, పైకి లేచేది 6, సీటు కింద 2, కొమ్మకి చుట్లూ ముళ్లూ కలిపి రెండు కొసలకీ 10. ఒక్కో తాడు 24 అడుగులు, రెండింటికీ 50 తెచ్చుకోండి. ఊగడానికి ముందూ వెనకా 12 అడుగుల చొప్పున గోడా, బావి గట్టూ అడ్డం లేకుండా చూసుకోండి. మీ కొమ్మ ఇంకా ఎత్తులో ఉంటే ఈ ఖాళీ కూడా అంతకంత పెరుగుతుంది. వీలుంటే తక్కువ ఎత్తు కొమ్మే ఎంచుకోండి.